పెద్దాయన ముందు కుర్చీ

గోడలు లేని ఇళ్ళ ఊళ్ళో దాపరికం కష్టం. ఎవరింట్లో సీమపనస కాలుతోందో, ఎవరింట్లో మొగుడూ పెళ్ళాం మాటలు మానేశారో దారిన పోయేవాడికి కూడా తెలిసిపోతుంది. సవాయి దీవి ఉత్తర తీరంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ ఊళ్ళో ఇల్లంటే స్తంభాలు, పైన కప్పు, కింద చాపలు, అంతే. అలాంటి చోట సెమీసీ ఇంటి వెనక మూల మాత్రం కొన్నాళ్ళుగా పూల దుప్పట్లు కట్టి ఉంటున్నాయి.

ఆ ఆదివారం సెమీసీ భార్య లుసీలా తెల్లబట్టలు కట్టుకుని, విసనకర్ర చెంపకు అడ్డం పెట్టుకుని చర్చికి బయలుదేరింది. పక్కింటావిడ ఊరుకుంటుందా?

"ఏం వదినా, మీ మామగారు చర్చికి రావడమే మానేశారు?"

"మోకాళ్ళ నొప్పులు వదినా."

"నీ చెంప కమిలింది, దానికీ మోకాళ్ళ నొప్పులేనా?"

లుసీలా నవ్వినట్టు ముఖం పెట్టి నడక వేగం పెంచింది. ఆ చెంప మీద వేళ్ళ అచ్చులు మామగారివే.

ఆ మామగారు ఫుయితావా. అది ఆయన పేరు కాదు, పదవి. ఊరి తరఫున మాట్లాడే పెద్దల్లో మొదటివాడు. చేతికర్ర నేలకు ఆనించి ఆయన ఊరి సభ జరిగే పచ్చిక మీద నిలబడితే, పొరుగూళ్ళ పెద్దలు కూడా దగ్గు ఆపుకుని వినేవారు. ఇప్పుడు మతిమరపు జబ్బు ఆయన్ని తొలిచేసింది. కొడుకెవరో తెలియదు. రెండు మాటలు కలిపి అనలేడు. దానికి తోడు షుగరు వల్ల కాలికి పుండు పడింది. అది ఇక మానదనీ, రోజూ కడిగి కట్టు మారిస్తే ఉన్నన్నాళ్ళూ నొప్పి లేకుండా ఉంటాడనీ ఆసుపత్రిలో చెప్పారు. కానీ ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. దగ్గరికి వెళ్తే కొడుతున్నాడు. పుండు వాసన దుప్పట్లు దాటి ఇంటి ముందు దాకా వస్తోంది.

సెమీసీకి తండ్రి బాధ ఒక దిగులైతే, ఊరికి తెలిసిపోతుందన్న దిగులు అంతకంటే పెద్దది. పదవిలో ఉన్న మనిషికి మతి పోయిందంటే ఇంటి పరువు ఏం కావాలి? అందుకే ఆ దుప్పట్లు. జబ్బు చేస్తే సిగ్గుపడి మనిషిని మూలన దాచే అలవాటు ఆ ఒక్క ఊరిదే అని మనం అనుకోనక్కర్లేదు.

లుసీలా మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మోయెలంగి అనే నర్సు, చివరి దశలో ఉన్నవాళ్ళనీ మతిమరపు వచ్చినవాళ్ళనీ ఎలా చూసుకోవాలో అపియా పట్నంలో నర్సులకూ ఇంటివాళ్ళకూ కలిపి నేర్పుతోందని విని, పడవెక్కి వెళ్ళి నేర్చుకుని వచ్చింది. రోగి మీదకి వంగి నిలబడకూడదు. ఎదురుగా, అంతే ఎత్తులో కూర్చోవాలి. కళ్ళలోకి చూడాలి. చిన్నప్పటి నుంచీ విన్న పేరుతో పిలవాలి. ఆ పాఠాల్లో తప్పేమీ లేదు. ఎందరికో మేలు చేసినవే. లుసీలా వాటిని ప్రార్థనలా కంఠస్థం చేసింది. ఇంటికొచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుంది. మామగారి కళ్ళలో కళ్ళు పెట్టి, "ఎనోకా, కాలు ఇలా పెట్టు, మంచివాడివి కదూ" అని ముద్దుగా అడిగింది.

చర్చిలో పెట్టిన ఆ పేరుతో ఆయన్ని పిలిచే ధైర్యం, పదవి వచ్చాక ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. చెంప ఛెళ్ళుమంది. ఆదివారం పక్కింటావిడ కంటపడిన కమిలిన చెంప అదే.

శుక్రవారం మోయెలంగి ఊరికి వచ్చింది. నేర్చుకున్నవాళ్ళు ఇంటి దగ్గర ఎలా చేస్తున్నారో చూడటం కూడా ఆమె పనే. అప్పటికే సెమీసీ పాత లుంగీ ఒకటి చింపి పేలికలు చేసి పట్టుకున్నాడు.

"చూడక్కా, ఇవాళ చేతులు కట్టేసైనా కడిగిస్తాను. లేదంటే ఆసుపత్రిలో చెప్పి మత్తు ఇప్పిస్తాను. ఇంట్లో ఉండలేకపోతున్నాం."

"నన్నొకసారి ప్రయత్నించనీ తమ్ముడూ."

"కానివ్వు. ఆ తర్వాత నీ చెంపకి కూడా ఏదైనా మందు చూద్దాం."

మోయెలంగి కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చుంది. మంచం అంచున కూర్చున్న ముసలాయన కళ్ళలోకి సూటిగా చూసి నెమ్మదిగా పలకరించింది. ఆయన ముఖం ఎర్రబడింది. అరిచాడు. మంచి కాలితో తన్నిన తన్నుకు, పుండు కడగడానికి పెట్టిన గిన్నె బోర్లాపడి నీళ్ళు చాప మీద పారాయి. సెమీసీ పేలికలు సవరించుకుని ముందుకు వచ్చాడు.

తడిసిన చాప చూసి లుసీలా ఏ పాఠమూ గుర్తుకు తెచ్చుకోలేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ ఒంటికి పట్టిన అలవాటు కొద్దీ నడుం వంచి, పెద్దల ముందు నుంచి వెళ్ళేటప్పుడు అనే మాట "తులో, తులో" అని గొణుగుతూ చాప మీద కూర్చుంది. కాళ్ళు మడుచుకుని, తల దించుకుని, ఆయన పాదాల దగ్గర నీళ్ళు తుడవసాగింది.

అరుపు ఆగిపోయింది.

ముసలాయన ఆ వంచిన తల వంక చూశాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. పుండున్న కాలిని తనే, జాగ్రత్తగా, ఆమె చేతికి అడ్డం లేకుండా పక్కకు జరిపాడు.

"కానీ అమ్మా. ఎవరింటి కోడలివి?" అన్నాడు.

నెలల తరబడి ఆ నోట పూర్తి వాక్యం రాలేదు. మోయెలంగి ఆ పాదాల దగ్గర కూర్చున్న లుసీలా వైపు చూసింది. ఆమె కూడా పెద్దల ఇంట పుట్టిన పిల్లే. తన తండ్రి ముందు ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు, కళ్ళెత్తి చూడలేదు. ఆ మర్యాదంతా నర్సు దుస్తులు వేసుకున్న రోజున ఇంట్లో వదిలేసి వచ్చిందా? ఆమె లేచి కుర్చీని బయటికి నెట్టేసి చాప మీద కూర్చుంది. సెమీసీకి సైగ చేసింది. అతను కాసేపు తటపటాయించి, పేలికలు చేతిలోనే పట్టుకుని కింద కూర్చున్నాడు.

"తమరి సన్నిధికి వచ్చాం," అంది మోయెలంగి తల దించుకుని. "తమరి పాదం శుభ్రం చేసే భాగ్యం ఈ పూట మాకు ప్రసాదించాలి."

ఫుయితావా వెన్ను నిటారుగా అయింది. కుడిచెయ్యి, అక్కడ లేని కర్రను పట్టుకున్నట్టు ముడుచుకుంది. అప్పుడు వచ్చింది ఆ గొంతు.

"తెల్లవారింది. కొండ మీద మబ్బు తొలగింది. సముద్రం దాటి వచ్చిన మీ గౌరవానికి ఈ ఇల్లు తలవంచుతోంది. దారిలో మీకు ఎండ తగిలి ఉంటే ఆ తప్పు మాది. మా చాపలు చిన్నవి, మీ రాక పెద్దది..."

మాట వెంట మాట, ఎక్కడా తడబాటు లేదు. లుసీలా పాత కట్టు విప్పింది. గిన్నెలో మళ్ళీ నీళ్ళు పోసుకుని పుండు కడిగింది. నొప్పి పుట్టినప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుని, వదిలిన చోటే మళ్ళీ అందుకున్నాడు. కొడుకు పేరు నిలవని ఆ బుర్రలో ఇంత పెద్ద ప్రసంగం ఎక్కడ దాక్కుని ఉందో ఆమెకు అర్థం కాలేదు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయని కూడా తెలియలేదు.

ఆ గొంతు ఊరికి కొత్తదా? రోడ్డు మీద పోతున్న పెద్దలిద్దరు ఆగిపోయారు. దుప్పటి తొలగించి లోపలికి వచ్చారు. సెమీసీ వాళ్ళకు అడ్డం లేవబోయాడు. వాళ్ళు మాత్రం అతని వైపు చూడనైనా చూడలేదు. చెరో స్తంభానికి వీపు ఆనించి కూర్చుని, ఫుయితావా ముగించేదాకా ఆగి, పదవిలో ఉన్నవాడికి ఎలా బదులు చెప్పాలో అలాగే చెప్పారు. ఒక్క మర్యాద కూడా తగ్గించలేదు.

పని అయిపోయింది. కొత్త కట్టు తెల్లగా ఉంది. ముసలాయన అలసిపోయి కొడుకు వైపు తిరిగాడు.

"తమరిది ఏ ఊరు?"

సెమీసీ చేతిలోని పేలికలు పక్కన పెట్టాడు. "ఈ ఊరేనండి. తమరి సేవకు వచ్చాను," అన్నాడు.

"మంచిది," అన్నాడు ఫుయితావా.

వెళ్ళబోతూ పెద్దల్లో ఒకాయన సెమీసీ భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్దాయన ఒంట్లో బాగాలేదని మాకు ఎప్పుడో తెలుసురా. నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాం."

మహిమలేమీ జరగలేదు. మర్నాటికి ఆయన అంతా మరిచిపోయాడు. ప్రతి పొద్దునా కింద కూర్చుని కొత్తగా అనుమతి అడగవలసి వచ్చేది. కొన్నిసార్లు కాదనేవాడు. అప్పుడు "చిత్తం" అని వెళ్ళిపోయి, కాసేపాగి మళ్ళీ వచ్చేవారు. కట్టేయడం, మత్తు ఇవ్వడం అన్న మాట మళ్ళీ ఆ ఇంట్లో రాలేదు. వాన రోజుల్లో ఆయన పోయినప్పుడు కాలు శుభ్రంగా ఉంది, ముఖం ప్రశాంతంగా ఉంది.

ఆ తర్వాత అపియాలో జరిగిన శిక్షణలో డాక్టర్లు, నర్సులు, రోగుల ఇంటివాళ్ళు కలిసి కూర్చున్నారు. మోయెలంగి వాళ్ళ ముందు నిలబడి ఆ శుక్రవారం సంగతంతా చెప్పింది.

"ఎదురుగా కూర్చోమని, కళ్ళలోకి చూడమని మీకు నేనే నేర్పాను. అది నచ్చేవాళ్ళు ఉన్నారు. కానీ మనం పాఠం చూశాం, మనిషిని చూడలేదు," అంది. "జబ్బు ఆయన దగ్గర పేర్లను తీసుకుంది, ముఖాలను తీసుకుంది. గౌరవాన్ని తీసుకున్నది మాత్రం మనం. మందులూ కట్లూ తర్వాత నేర్చుకుందాం. మతి పోయినా, ప్రాణం పోతున్నా, ఆ ఒంటికి యజమాని ఆ మనిషే. చెయ్యి వేసే ముందు ఆ మనిషికి తగిన మర్యాదతో అనుమతి అడగడం మొదటి వైద్యం."