సందు లేని పెట్టె

వడ్రంగి చేసిన సామానులో సందు వెతకడం దండగని ఆ వీధిలో అందరూ అనేవారు. చెక్కకూ చెక్కకూ మధ్య కాగితం కూడా దూరకూడదు, అదీ ఆయన పట్టుదల. మంచి పనివాడే. వచ్చిన చిక్కంతా ఆ పనితనంలోనే ఉంది.

ఆయన అత్తగారివి బలహీనమైన ఊపిరితిత్తులు. మంచం పక్కనే ఆక్సిజన్ మిషను ఉండేది. గదిలో గాలిని పీల్చి, అందులోని ప్రాణవాయువును వేరుచేసి, సన్నటి గొట్టంతో ఆవిడ ముక్కుకు అందించేది. అది లేకపోతే ఆవిడ గడపదాకా కూడా నడవలేదు. కాకపోతే ఒకటే రొద.

“మీ మామగారి గురకతో జన్మంతా వేగాను నాయనా. ఆయన పోయాక ఇది తగులుకుంది,” అని నవ్వేసింది ఆవిడ.

నవ్వినా, కంటిమీద కునుకు లేక ఆవిడ ముఖం పీక్కుపోయింది. అల్లుడి మనసు చివుక్కుమంది. మందపాటి ప్లైవుడ్డుతో మిషనుకు పెట్టె కట్టి, లోపల స్పాంజి అంటించి, గొట్టానికీ వైరుకూ సరిపోయేంత కన్నం మాత్రం వదిలాడు. రొద సగానికి సగం తగ్గింది. చూడవచ్చినవాళ్ళు “అలమర అనుకున్నాం సుమండీ!” అంటే ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

పెరట్లో తిరిగే పిల్లి ఆ పెట్టెమీదికి చేరింది. ఎంత అదిలించినా దిగదు.

“వెచ్చగా ఉన్నట్టుంది దానికి,” అంది భార్య. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు.

కొన్నాళ్ళకు లోపలి ఫ్యాను మరింత గట్టిగా మోగసాగింది. వేడికి తట్టుకోలేక అలా తిరుగుతోందని ఆయనకు తోచలేదు. రొద పెరిగిందనుకొని ఇంకో పొర స్పాంజి అంటించాడు. పాపం, ప్రేమతోనే అంటించాడు.

ఒక మధ్యాహ్నం ఆయన పెరట్లో తలుపుచెక్కకు చిత్రిక పడుతున్నాడు. ఇంట్లోంచి మాడువాసన వచ్చింది. కొత్త పాలిషు వాసనేమో అనుకున్నాడు. ఆపద వస్తే మిషను కూత పెడుతుంది. ఆ రోజూ పెట్టింది. వంటింట్లో ఉన్న భార్యకు గానీ, పెరట్లో ఉన్న ఆయనకు గానీ ఆ కూత వినిపించకుండా స్పాంజి మింగేసింది.

“ఏమండీ! అమ్మ పెదాలు నీలంగా అయిపోయాయి! పలకడం లేదు!”

పరుగెత్తుకెళ్ళి స్విచ్చు ఆపి, పెట్టె మూత లాగాడు. సెగ ముఖానికి కొట్టింది. స్పాంజి కరిగి ఫ్యానుకు అతుక్కుపోయి ఉంది. అత్తగారిని రెండు చేతులా ఎత్తుకొని ఆసుపత్రికి పరుగుతీశాడు. అదృష్టం బాగుండి ప్రాణం దక్కింది.

మిషను బాగుచేసేవాడు వచ్చి, కాలిన స్పాంజిని పట్టకారుతో లాగుతూ తల అడ్డంగా ఊపాడు.

“ప్రాణవాయువు తీసేసి వదిలిన గాలినే మళ్ళీ పీల్చింది సార్. అందులో ఇంకేం దొరుకుతుంది? పైగా వేడి పోయే దారి లేదు. ఇంకాసేపైతే మంట లేచేది. ఆక్సిజన్ దగ్గర మంటంటే ఇక చెప్పేదేముంది!”

వడ్రంగికి మిగతా ఇళ్ళు గుర్తొచ్చాయి. ఇలాంటి పెట్టెలు ఆయన ఎన్నిళ్ళలో కట్టలేదు! టీవీలకు, స్టెబిలైజర్లకు, ఇన్వర్టర్లకు. అన్నీ బిగుతుగా, అన్నీ నిగనిగలాడుతూ. ఏ ఇంట్లో ఏది రాజుకుంటోందో!

డ్రిల్లు పట్టుకొని బయలుదేరాడు. మొదటి ఇంట్లో మెట్లకింద ఇన్వర్టరు పెట్టె ఉంది. దానికి ఆనించి వేసిన చాపమీద పసిబిడ్డ నిద్రపోతోంది. ఆయన పెట్టెమీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు.

“ముందు బిడ్డను తియ్యమ్మా!”

ఇన్వర్టరు ఆపి, బయటికి లాగి, డ్రిల్లు ఎత్తాడు. బిడ్డను భుజాన వేసుకున్న ఇల్లాలు అడ్డం వచ్చింది.

“ఇంత అందమైన పెట్టెకు కన్నాలేమిటండీ? దుమ్ము పడదూ?”

“దుమ్ము పడితే తుడుచుకోవచ్చు తల్లీ. వేడికి మనం దారి ఇవ్వకపోతే అదే దారి చేసుకుంటుంది. ఆ దారిలో ఉండేది మనవాళ్ళే.”