బోణీ కాకముందు సూది

గంగరత్న నర్సింగ్ పాసై ఏడాదిన్నర, ఇళ్ళకి నర్సుల్ని పంపే ఏజెన్సీలో చేరి ఒక్క పూట. కోలారు ఆసుపత్రి వార్డులో ఉన్నన్నాళ్ళూ ఏ సందేహం వచ్చినా పక్కకి తిరిగి "సిస్టర్!" అంటే చాలు, ఎవరో ఒకరు పలికేవాళ్ళు. ఇప్పుడు పక్కన ఎవరూ లేరు. భుజాన సంచీ, ఫోన్‌లో అడ్రసు, చెవిలో ఏజెన్సీ నడిపే వసంతమ్మ మేడం గొంతు, అంతే.

"ఇది నీ మొదటి ఇల్లు రత్నా. ఖాళీ కడుపు మీద నెత్తురు శాంపిల్ తీయల్ల, తరవాత ఇన్సులిన్, కాలికి కట్టు. ఇంటోళ్ళు బాగుందంటే రేపట్నించి దినమూ డ్యూటీ. బాగలేదంటే ఇంగ పిలవను, ముందే చెప్తా ఉండాను."

పిలవాలి, ఎలాగైనా పిలవాలి! వార్డు కాంట్రాక్టు అయిపోయాక ఆండర్సన్‌పేటలో ఇంట్లో కూర్చుని, పొద్దస్తమానం సొంత తాతకి బీపీ చూసీ చూసీ, ఆ మిషన్ కనబడితే చాలు ఆయన పెరటి దారిన పారిపోయేదాకా తెచ్చింది.

రాబర్ట్‌సన్‌పేట బజారులో ఆ అడ్రసు ఓ కిరాణా అంగడిది, వెనకాలే ఇల్లు. అంగడి ముందు మున్సిపాలిటీవాళ్ళు పైపుల కోసం పెద్ద గుంత తవ్వి, దాని మీద ఒక చెక్క పలక వేసి వెళ్ళిపోయారు. పలక దాటి లోపలికెళితే గల్లాపెట్టె ముందు సావుకారు శ్రీకంఠయ్య. కట్టు ఉన్న కాలు స్టూలు మీద, కళ్ళు వీధి మీద.

"తాతా, చెయ్యి చాపండి. చిన్న సూది, చీమ కుట్టినట్టు ఉంటుంది."

"బోణీ కాలేదు."

"ఆఁ?"

"బోణీ కాలేదమ్మా ఇంగా. బోణీ కాకుండా ఈ ఇంట్లోంచి గుక్కెడు నీళ్ళు బయటికియ్యం, నెత్తురిచ్చేదా?"

రత్న ఫక్కున నవ్వింది. లోపల్నించి ఆయన భార్య కామాక్షమ్మ తొంగిచూసింది. "నవ్వొద్దు తల్లీ. మా పెండ్లినాడు కూడా బోణీ చేసుకోనే వచ్చినాడు తాళి కట్టేదానికి. పంతులు రెండుసార్లు నిద్రపోయినాడు."

వార్డులో అయితే "పెద్దాయనా, డాక్టర్ గారు చెప్పారు" అంటే అయిపోయేది. అక్కడ మంచం ఆసుపత్రిది. ఇక్కడ మంచం, గల్లా, నెత్తురు, అన్నీ ఆయనవే!

"సరే, నేనే కొంటాను. ఒక సబ్బు ఇవ్వండి."

"నువ్వు పనిమీద వచ్చినావు. నేనిచ్చే దుడ్డే మళ్ళీ నా గల్లాలోకి వస్తే అది బోణీ యాడైతాది?"

గుంత పుణ్యమా అని పొద్దుట్నించీ ఒక్క మనిషి రాలేదు. ఇక రత్న తెల్లకోటుతోనే వీధిలోకి పరిగెత్తింది. ఆటో తిమ్మప్ప బ్రేకేశాడు. "ఏమి సిస్టరమ్మా, సావుకారు పోయినాడా?"

"పోలేదన్నా, బోణీ కావల్ల! ఏమన్నా కొను."

"కొంటాను. అప్పు రాసుకుంటాడా?"

"బోణీకి అప్పా? నువ్వు పో అన్నా!"

అప్పుడు కనబడింది చిన్నక్క. గనిలో పని చేసి రిటైరైన మొగుడు కన్నుమూశాక, ఒంటిగా ఉంటూ బజారంతటినీ బేరాలతో గడగడలాడించే ముసలావిడ. రత్నకి అదంతా ఏం తెలుసు? చెయ్యి పట్టుకుని, పలక మీద పడిపోకుండా మెల్లగా దాటించి, గెలిచినంత సంబరంగా అంగట్లో నిలబెట్టింది.

"ఒక కిలో చక్కెర," అంది చిన్నక్క, చుట్టూ చూసి. "బోణీ నాదేనా?"

"నీదే అవ్వా!" అనేసింది రత్న. అనకూడదని ఆ మరుక్షణమే తెలిసింది.

"అట్లయితే ధర తగ్గల్ల."

"నిన్న అమ్మిన ధరే చిన్నక్కా," అన్నాడు శ్రీకంఠయ్య, పొట్లం కట్టి తక్కెడలో పెడుతూ.

"నిన్న నేను బోణీ కాదు కదప్పా."

"లారీ బాడిగ పెరిగిండాది."

"లారీలో నేనెక్కలేదే!"

మొదట రత్నకి నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. చలిపొద్దులో సావుకారు నుదుట చెమట! పొట్లం మీది వేళ్ళు వణుకుతున్నాయి. మాట మెల్లమెల్లగా సాగుతోంది. రత్న సంచీలోంచి షుగర్ చూసే చిన్న మిషన్ లాగింది.

"తాతా, వేలు. ఒక్క చుక్క. ఇది బయటికి పోదు, ఈ పట్టీ మీద మీ ఇంట్లోనే ఉంటుంది."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, న్యాయమే అన్నట్టు వేలు చాపాడు. రత్న మిషన్ మీద అంకె చూసింది. బాగా తక్కువ.

"అమ్మా, రాత్రి ఏం తిన్నారు?"

"కడుపు ఉబ్బరమని ముద్ద ముట్టలేదు. ఇన్సులిన్ సూది మాత్రం ఏసుకున్నాడు," అంది కామాక్షమ్మ, మొహం పాలిపోయి.

ఇప్పుడు తీపి ఇస్తే ఖాళీ కడుపు శాంపిల్ పోయినట్టే. శాంపిల్ పోతే డ్యూటీ పోయినట్టే. ఆలోచన ఊపిరి తీసుకున్నంతసేపే ఉంది. "చక్కెర తెండి, తొందరగా!"

"ఇంట్లో యాడుండాది తల్లీ? దొంగతనంగా తింటాడని డబ్బాతో సహా అంగట్లోకి తోలేసినాను!"

రత్న తక్కెడలోని పొట్లం మీదికి చెయ్యి చాపింది. సావుకారు వణికే అరచేత్తో దాన్ని మూశాడు. "బోణీ..."

"తరవాత చూద్దాం!" అని లాగేసుకుంది. కాగితం చిరిగి సగం చక్కెర బల్ల మీద పారింది. మిగతాదాంట్లోంచి పిడికెడు గ్లాసు నీళ్ళలో కలిపి ఆయన పెదాలకి ఆనించింది.

"ఏయ్ పాపా, నా చక్కెర!" అని అరిచిన చిన్నక్క సావుకారు మొహం చూసి నోరు మూసుకుంది. బొడ్డు సంచీలోంచి నోటు తీసి గల్లా మీద చరిచింది. "తీసుకో సావుకారప్పా, నువ్వు చెప్పిన ధరకే. బోణీ అయింది. తాగు!"

అంత నీరసంలోనూ ఆయన నోటు కళ్ళకద్దుకుని, అప్పుడు తాగాడు.

కాసేపటికి మళ్ళీ చూస్తే అంకె పైకొచ్చింది. రత్న డాక్టరుకి ఫోన్ చేసింది. ఈ పూట ఇన్సులిన్ వద్దు, టిఫిను తిననీ, శాంపిల్ రేపు తీయి అన్నారు. కామాక్షమ్మ ఇడ్లీలు తెచ్చింది. ఇక రెండో ఫోన్. వసంతమ్మ మేడంకి చేసింది.

"మేడం, శాంపిల్ తీయలేదు. షుగర్ పడిపోయింది, చక్కెర నీళ్ళు ఇచ్చేశాను. డాక్టరుకి చెప్పాను."

"ఇచ్చింది సరే. ఇంటోళ్ళేమంటా ఉండారు? వాళ్ళకియ్యి ఫోను."

రత్న ఫోన్ చాపింది. సావుకారు నోటినిండా ఇడ్లీతోనే అందుకున్నాడు. "ఏమంటాము తల్లీ? ఈ పిల్ల గట్టిది. నా చేతిలో పొట్లం నా దగ్గర్నించే పెరుక్కునింది. రేపు కూడా ఈ పిల్లనే పంపు."

"రేపు బోణీ కాకుంటే?" అంది రత్న, ఆనందం ఆపుకోలేక.

"అంగడి తెరవకముందే రా. తలుపు మూసుండంగా బోణీ మాటే లేదు."

"ఈ మాట పొద్దున చెప్పొచ్చు కదా తాతా!"

"తట్టలేదమ్మా, ఆకలైతా ఉండె."

రత్న కింద కూర్చుని ఆయన కాలి కట్టు విప్పింది. పుండు మానుతోంది, అంచులు లేత గులాబీ రంగులో శుభ్రంగా ఉన్నాయి. పైన బల్ల దగ్గర చిన్నక్క ఇంకా కదల్లేదు.

"నా కిలో సంగతేమప్పా? దుడ్డు నాది, తాగింది నువ్వు."

"కడతాను, ఉండు."

"ఈ తూరి రవ్వంత ఎక్కువెయ్యి. నీ పానం కాపాడిన చక్కెర నాది."

"కాపాడింది సిస్టరమ్మ!"

"అట్లయితే ఆయమ్మకీ అరకిలో కట్టు," అంది చిన్నక్క.