నూకరత్నం వేళ్ళ కింద

నేను ఒక బ్రెయిలీ డిస్‌ప్లేని. చూసినవాళ్ళు కీబోర్డు అనుకుంటారు. ఫోన్‌కో కంప్యూటర్‌కో నన్ను జోడిస్తే తెరమీది అక్షరాలు నా ఒంటిమీద చుక్కలై లేస్తాయి. వేళ్ళతో తడిమి చదివాక అవి దిగిపోయి, తర్వాతి మాటలు లేస్తాయి.

"ఫోన్లే మాట్లాడుతుంటే ఇంకా ఈ చుక్కలెందుకు?" అని నన్ను తయారుచేసిన చోటే ఒకాయన నవ్వాడు. నా మొదటి యజమాని జోసెఫ్ కూడా ఇంచుమించు అలాగే అనుకున్నాడు. విశాఖలో బ్యాంకు ఉద్యోగి. చూపు లేదు గానీ చెవులు చురుకు. ఫోన్ గబగబా చదివి వినిపిస్తుంటే నాతో పనేముంది? బీరువాలో పడేశాడు.

అంధుల బడిలో తనతో చదువుకున్న నూకరత్నానికి జ్వరం వచ్చి వినికిడి పోయిందని తెలిశాకే నన్ను బయటికి తీశాడు. ఆమెది అనకాపల్లి. ఆసుపత్రిలో ఫోన్లెత్తే ఉద్యోగం చేసేది. ఇప్పుడది పోయింది. అన్న గౌరినాయుడు ఇంట్లో ఓ మూల కూర్చుని ఉండేది. అన్నం వేళకు వదిన కొండమ్మ భుజం తట్టి కంచం అందించేది. ఆమెతో ఇంటివాళ్ళ సంభాషణ అంతే.

జోసెఫ్ నన్ను ఆమె ఒళ్ళో పెట్టి ఆమె ఫోన్‌కు కలిపాడు. విన్న మాటల్ని అక్షరాలుగా మార్చే యాప్ తెరిచి, "రత్నం, నేను జోసెఫ్‌ని" అన్నాడు.

ఆమె వేళ్ళు నామీద ఆగిపోయాయి.

"ఒరే జోసెఫూ! నన్ను పేరుపెట్టి పిలిచినట్టు నాకు తెలిసి ఎన్నాళ్ళయిందిరా!" అని భోరుమంది.

జోసెఫ్ నన్ను ఆమెకే ఇచ్చి వెళ్ళాడు. ఇంట్లోవాళ్ళకు మాత్రం నేనొక ఆటవస్తువును. ఏదో తడుముకుంటోంది, పోనీలే అనుకున్నారు. అందుకే ఆమెను చేర్చుకోడానికి దిక్కులేనివాళ్ళ ఆశ్రమం నుంచి వచ్చిన పెద్దమనిషిని ఆమె ఎదురుగానే కూర్చోబెట్టి మాట్లాడారు. మనుషులకు ఇదొక అలవాటు. వినలేని మనిషి ముందు గొంతు తగ్గించాల్సిన అవసరం కూడా లేదనుకుంటారు.

యాప్ మొదట 'ఆశ్రమం'ను 'ఆ శ్రమ' అని రాసింది. నూకరత్నం నొసలు ముడిచింది. తర్వాత లేచిన మాటల్లో మాత్రం తప్పు లేదు.

"ఆవిడకేం తెలుస్తుందండీ? చెయ్యి పట్టుకుని కారెక్కిస్తే సరి," అన్నాడు పెద్దమనిషి.

"ఏడుస్తాదేమో," అన్నాడు గౌరినాయుడు.

"మనకి మాత్రం ఓపికుందేటి?" అంది కొండమ్మ.

నూకరత్నం తలెత్తింది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఆమె మాట వీధిదాకా వెళ్ళింది.

"నన్ను కారెక్కిస్తారా? నాను ఇక్కడే ఉన్నాను గదా, నన్నడగరేటి? సెవులు పోనాయి. మనిషిని పోలేదు!"

పెద్దమనిషి ఉలిక్కిపడి, "ముందా మిషన్ తీసెయ్యండి" అంటూ నన్ను పట్టుకు లాగాడు. ఆమె రెండు చేతులతో నన్ను గుండెకు హత్తుకుంది. అతను వదిలేశాక మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు సర్దుకుంది.

"ఇప్పుడు సెప్పండి. సదువుతాను."

మాట లేనిదే నాలో చుక్క లేవదు. ఆమె వేళ్ళు ఎదురుచూస్తూనే ఉన్నాయి. చివరికి గౌరినాయుడు ఫోన్ దగ్గరికి వంగాడు.

"తిన్నావేటమ్మా?"

"ముందు ఆయన్ని పంపు. అప్పుడు తింటాను."

అన్న లేచాడు. "మా చెల్లి రాదండి. మీరెళ్ళండి." ఆ మాటను ఆమె చెరిగిపోనివ్వకుండా మళ్ళీ మళ్ళీ చదువుకుంది.

ఇప్పుడు కొండమ్మ రోజూ ఫోన్ దగ్గరికి వచ్చి కూరేం చెయ్యమంటావని అడుగుతుంది. వంకాయంటే వద్దంటుంది నూకరత్నం. "అయితే నువ్వే వండుకో!" అని వదిన, "వండుతాను, కత్తిపీట ఇలాతే!" అని ఈమె. ఆ తగువును పొల్లు పోకుండా ఆమె వేళ్ళకు అందించడం నా పని. నన్నెవరైనా ఇప్పుడు బీరువాలో పెట్టమనండి, చూద్దాం.