గోడ దూకి వచ్చిన కుర్రాడు

ఫీఫీ లాంటి తమ్ముడు పగవాళ్ళకి కూడా వద్దని అరబా అంటుండేది. వచ్చినప్పుడల్లా చేపలో తలకాయ తనదేనంటాడు. గిన్నెలో మిరప పచ్చడి అడుగంటా ఊడ్చేస్తాడు. తిన్న చెయ్యి కిటికీ తెరకి తుడుస్తాడు. పోతూ పోతూ ఓ కథ పట్టుకుపోతాడు. చేప మళ్ళీ వేయించుకోవచ్చు, తెర ఉతుక్కోవచ్చు. ఈసారి పట్టుకుపోయిన కథ మాత్రం తిరిగొచ్చేలా లేదు.

ఆ కథ ఆమెది. సముద్రపు ఒడ్డున కేప్ కోస్ట్ ఊళ్ళో ఆడపిల్లల హాస్టలు బడిలో పురుగుల అలసందలే పెడుతున్న రోజుల్లో, పదిహేనేళ్ళ అరబా భోజనాల హాల్లో లేచి నిలబడి తన కంచం బోర్లించింది. పక్కనున్న మన్సా కూడా బోర్లించింది. ఆ తరవాత హాలంతా కంచాల మోతే. హెడ్‌మిస్ట్రెస్ అలసందలు మార్పించింది గానీ, అరబా చేత ఆటస్థలం మొత్తం కత్తితో గడ్డి కొట్టించింది. సెలవుల్లో ఇంటికొచ్చి అరచేతుల్లో బొబ్బలు చూపిస్తూ ఈ సంగతి చెబుతుంటే, చిన్న ఫీఫీ నోరు తెరుచుకుని వినేవాడు. ఇప్పుడు వాడు రాజధాని అక్రాలో టీవీ సీరియళ్ళు తీస్తున్నాడు. నోరు ఇంకా మూతపడలేదు.

"అక్కా, నీ కథే తీశాను!" అన్నాడు ఫోన్లో. "ఆదివారం సాయంత్రం మొదటి భాగం. కుర్రకారు చూసేది కదా, చిన్న మార్పు చేశాం. కంచం బోర్లించేది పక్క బడి కుర్రాడు. గోడ దూకి వస్తాడు."

"ఆడపిల్లల భోజనాల హాల్లోకా?"

"హీరో కదక్కా."

"మరి నేనో?"

"నువ్వు ఏడుస్తుంటావు. ఆ పిల్ల ఎంత బాగా ఏడ్చిందనుకున్నావ్!"

అరబా అరవలేదు. ఇకమీదట తను ఈ ముచ్చట ఎవరికి చెప్పినా, 'అచ్చం టీవీలో కుర్రాడిలా చేశావన్నమాట' అంటారు. టీవీ ముందు ఆమె మాట ఎవరు నమ్ముతారు? తన బతుకులో తను చేసిన ఒకే ఒక్క పెద్ద పని, గోడ దూకొచ్చిన ఎవడికో పోయింది.

"ఎంత మంచివాడివిరా," అంది తేనెలో ముంచి తీసినట్టు. "ఆదివారం ఇక్కడికే రా. మా బ్యాచి వాళ్ళందరం నీతో కలిసి చూస్తాం."

తప్పకుండా వస్తానన్నాడు ఫీఫీ. ఆ ఊళ్ళో బడిలో కలిసి చదివిన ఒక బ్యాచి ఆడవాళ్ళంటే ఏమిటో వాడు మరిచిపోయాడు. పెళ్ళికైనా చావుకైనా ఒకే రంగు బట్ట కట్టుకుని దిగుతారు, దేన్నీ మరిచిపోరు. అరబా వాళ్ళకి, "మన బడి మీద మా తమ్ముడి సీరియల్" అని మాత్రమే చెప్పింది. మిగతాది వాళ్ళే చూడనీ అనుకుంది.

ఆదివారం అందరూ బ్యాచి బట్టల్లో వచ్చారు. అరబా ఫీఫీని సోఫా నడిమధ్యన కూర్చోబెట్టింది. ఒకపక్క మన్సా. ఇప్పుడు మెజిస్ట్రేటు. రెండోపక్క మన్సా కంటే బరువైన స్నేహితురాలు. లేవాలంటే ఇద్దరి అనుమతీ కావాలి.

సీరియల్ మొదలైంది. నడుము దాకా జడలేసుకున్న పిల్లలు తెరమీద గుంపుగా నడిచొచ్చారు.

"ఏమయ్యా, ఈ జడలేమిటి?" అంది మన్సా. "మా జుట్టు బడి గేటు దగ్గరే కత్తిరించి పారేసేవాళ్ళు."

"హీరోయిన్ ఒప్పుకోలేదు మేడమ్."

"మమ్మల్ని ఎవరడిగారు నాయనా?"

"గోళ్ళు చూడవే," అంది బరువైనావిడ. "ఆ గోళ్ళతో బాత్రూములు కడుగుతుందా ఈ పిల్ల?"

అంతలో కుర్రాడు గోడ దూకాడు. చొక్కా ఇస్త్రీ చెక్కుచెదరలేదు.

"మన గోడమీద గాజుపెంకులుండేవే! వీడి నిక్కరు చిరగలేదేం?"

నవ్వులు. ఫీఫీ కూడా నవ్వబోయాడు. కుర్రాడు హాల్లోకొచ్చి కంచం బోర్లించాడు. ఏడుస్తున్న పిల్ల వాడి భుజమ్మీద తలవాల్చింది.

నవ్వులు ఆగిపోయాయి. అందరూ అరబా వైపు తిరిగారు.

"ఫీఫీకి ఇంకో ముక్క వెయ్యండే," అంది అరబా చేపల పళ్ళెం అందిస్తూ. "పాపం, చాలా కష్టపడ్డాడు."

మన్సా మెల్లగా వాడి వైపు తిరిగింది. "ఆ రోజు నా పక్కన కూర్చున్నది మీ కుర్రాడా?"

"అంటే మేడమ్, కథ రక్తి కట్టాలని..."

"మీ అక్క గడ్డి కొట్టింది కూడా రక్తి కట్టాలనేనా?"

వాళ్ళు కేకలేస్తే బాగుండేది. ఒక్కొక్కళ్ళూ నెమ్మదిగా, మర్యాదగా, మంచినీళ్ళు తాగుతూ ప్రశ్నలడిగారు. ఫీఫీ చేప తలకాయ ముట్టుకోలేదు. అరబా దాన్ని చూసి, చాలా ఏళ్ళ తరవాత తనే తినేసింది.

సంగతి వెనకటి బ్యాచిలకీ, ముందటి బ్యాచిలకీ పాకింది. ఛానెల్ ఫోన్లు మోగి మోగి అలిసిపోయాయి. అక్కగారితో రాజీ పడితేనే రెండో భాగం వేస్తామన్నారు.

తప్పు చేసినవాడు అక్కడ నేరుగా రాడు, పెద్దవాణ్ణి పంపుతాడు. పెద్దవాడు మందు సీసా కానుకగా ముందుపెట్టి అడిగితే కాదనడానికి లేదు. ఫీఫీ తమ మేనమామ క్వామెనాని పంపి, తను వీధిలో కారులో అద్దాలెత్తుకుని కూర్చున్నాడు. సరిగ్గా అదే పూట బ్యాచి వాళ్ళు టీకి రావడం కేవలం యాదృచ్ఛికమని అరబా ఇప్పటికీ అంటుంది.

ముసలాయన మంచినీళ్ళు తాగి, జిన్ను సీసా బల్లమీద పెట్టి, రక్తసంబంధం గురించి చాలాసేపు మాట్లాడాడు.

"మామయ్యా, మీరడిగాక కాదంటానా? క్షమించేశాను," అంది అరబా.

ఆయన హాయిగా వెనక్కి వాలాడు.

"అయితే దేనికి క్షమించానో మీ నోటితో చెప్పండి. తప్పేమిటో చెప్పాల్సింది వచ్చిన పెద్దమనిషే కదా."

ఆయన దగ్గాడు. "అదేనమ్మా... సీరియల్ నీకు నచ్చలేదట."

"అంతే చెప్పాడా?"

"అంతే. నేనూ చూశాననుకో. జడల దగ్గర కళ్ళు మూతలుపడ్డాయి."

అరబా చెప్పింది. మన్సా కూడా చెప్పింది. వింటూ వింటూ ముసలాయన ముఖం నల్లబడింది. తప్పేమిటో తెలియకుండా రాజీకి వచ్చిన పెద్దమనిషిని మరి ఏ ఇంట్లోనూ లెక్కచెయ్యరు. ఆయన చేతికర్ర అందుకుని వరండాలోకి నడిచాడు.

"ఒరేయ్ ఫీఫీ! దిగరా కారు! నా నోట్లో ఊక పోసి పంపుతావా?"

వీధి వీధంతా కిటికీల్లోకి వచ్చింది. ఫీఫీ తల వంచుకుని లోపలికొచ్చి గది మధ్యలో నిలబడ్డాడు.

"ఛానెల్ వాళ్ళే అక్కా... కుర్రాడుంటేనే చూస్తారని..."

"ఛానెల్‌కి మేనమామ లేడు. నీకున్నాడు," అన్నాడు ముసలాయన.

వారమంతా ఈ ఘడియ కోసమే కాచుక్కూర్చుంది అరబా. తీరా వచ్చాక, వాడు నోరు తెరుచుకుని వినే చిన్న ఫీఫీలా కనపడ్డాడు. చూపు పక్కకి తిప్పుకుంది. అయినా, పోనీలే అనలేదు.

"గొణగకు," అంది. "గట్టిగా చెప్పు. వీధిలోకి కూడా వినపడాలి."

ఫీఫీ కిటికీ వైపు తిరిగాడు. "నేను తప్పు చేశాను," అన్నాడు, పెద్దగా. "ఆ కుర్రాడెవడూ లేడు. ఆ పని చేసింది మా అక్క. తెలిసే మార్చాను."