ఒంటి మీది అంగి

మా ఆయన సైదులు ఎండాకాలంలో కూడా మెడదాకా గుండీలు పెట్టుకునే పడుకుంటాడు. పెళ్లయి పద్నాలుగు నెలలైనా అంగి లేకుండా అతన్ని నేను చూడలేదు. స్నానానికి పోతే తడక లోపలే తుడుచుకుని, అంగి తొడుక్కుని బయటికి వస్తాడు. నా దగ్గరికి వచ్చినా దీపం ఆర్పాకే వస్తాడు. అప్పుడూ అంగి ఒంటి మీదే ఉంటుంది.

మా అత్త జానమ్మకు సగమే తెలుసు. గొర్రెలు కాసేటోనికి దొర షోకులొచ్చినయని కొడుకును ఎక్కిరిస్తుంది. అతను నవ్వి ఊరుకుంటాడు. నాకు నవ్వు రాదు. నేను కోరుకున్నది పెద్దదేం కాదు. పగటి వెలుతురులో ఒక్కసారి ఆ భుజాలు చూడాలి, ఆ వీపు మీద చెయ్యి వేయాలి. ఇలాంటిది ఆడది ఎవరికి చెప్పుకుంటుంది?

మొదట్లో కొత్త సిగ్గనుకున్నాను. అది ఎక్కడ ముదిరిందో నాకు తెలుసు. పెళ్లయిన నెలకు కొల్లాపూర్‌లో సినిమాకు పోయాం. ఆఖరి కొట్లాటలో హీరో అంగి చింపి పారేశాడు. ఛాతీ రెండు పలకల్లా ఉంది, పొట్ట మీద ఇటుకలు పేర్చినట్టుంది. హాలంతా ఈలలు. నా పక్కన ఉన్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తల తిప్పితే సైదులు తెరను చూడడం లేదు, నా చేతులను చూస్తున్నాడు.

ఆ తర్వాత బస్టాండు వెనక మేడ మీది జిమ్ముకు పోవడం మొదలుపెట్టాడు. పొద్దున మందను తోలుకుపోవాలి, పొద్దు గూకే వేళకు దొడ్డికి మళ్లేయాలి. ఆ తర్వాత సైకిలు మోటారు మీద టౌనుకు. దినమంతా గొర్రెల వెనక నడిచేవాడికి ఒళ్లెక్కడ వస్తుంది? తిన్నదంతా కాళ్లే తింటాయి. అక్కడి పిల్లలు, అన్నా, ముందు ఇంటికాడ తిని రా అన్నారట. ఆ మాట నాకు అతనే చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు. మర్నాటి నుంచి పోలేదు. కాని ఫోన్లో హీరోల బొమ్మలను రెండు వేళ్లతో పెద్దవి చేసి చూడడం మానలేదు. ఒకరోజు నేను బియ్యం చెరుగుతుంటే ఫోను నా ముందు పెట్టి, గిట్ల ఉండాల్నా అని అడిగాడు. నేను చాట ఎత్తి ఇంకోసారి చెరిగాను.

చెప్పడానికి నా దగ్గర మాట లేక కాదు. పెళ్లికి ముందే నేను అతన్ని చూశాను. మాది నల్లగొర్రెలు పెంచే కులం. ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను పారే నీళ్లలో కడుగుతాం. మురికి పోకపోతే కత్తెర తెగదు. ఆ ఏడు అతను మందతో మా ఊరి వాగు దాకా వచ్చి నడుం లోతు నీళ్లలో నిలబడి కడుగుతున్నాడు. ఒంటి మీద అంగి లేదు. బక్కగా, నల్లగా ఉన్నాడు. తడిసి బరువెక్కిన పొట్టేలును రెండు చేతులా ఎత్తి ఒడ్డున పెట్టినప్పుడు పక్కటెముకలు ఒక్కొక్కటీ లేచి కనిపించాయి. అవతల బండ మీద నేను ఉతికిన బట్టలనే మళ్లీ ఉతికాను. ఆర్నెల్లకు ఆ ఇంటి నుంచే సంబంధం వచ్చింది.

ఇది అతనికి చెప్పలేదు. పెళ్లికి ముందే మొగవాడి ఒళ్లు చూసిందంటాడేమోనని భయం.

మొన్న కార్తీకంలో మా మందలో గొర్రెలు ఈనాయి. బలం లేని గొర్రెపిల్లలకు పట్టే టానిక్ కోసం అహ్మద్ అలీ దుకాణానికి పోయాను. ముప్పై ఏళ్లుగా పశువుల మందులు అమ్ముతున్నాడాయన. సీసా చేతిలో పట్టుకుని కూడా ఇవ్వలేదు.

"ఎన్ని పిల్లలున్నయి బిడ్డా మీకు?"

తొమ్మిదని చెప్పాను.

"తొమ్మిదింటికి నెలల నాలుగు సీసాలా? నీ పెనిమిటి మొన్ననే రెండు కొంచవోయె. జర సూడు బిడ్డా, ఎక్కువ తాపితే కడుపు చెడి పారుకుంటయి."

ఇంట్లో నేను చూసింది ఒక్క సీసానే. బస్సులో కూర్చున్నాక ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. సైదులు ఈ మధ్య పొద్దున్నే కడుపు పట్టుకుంటున్నాడు. నోట్లో బెల్లం వాసన. పిల్లల వీపులు తడిమితే ఎప్పటిలాగే ఎముకలు తగులుతున్నాయి.

ఇంటికొచ్చి దొడ్డి కంప సరిచేస్తున్న అతన్ని ఆ సీసాలు ఏమైనాయని అడిగాను. అబద్ధం చెప్పలేదు.

"గా మందు తాపితే ఇర్వై దినాలల్ల పిల్ల ఎట్లైతదో సూడలేదా నువ్వు? వీపు పట్టుకుంటే బొక్క దొర్కదు. దానికైనంక నాకెందుకు గాదు?"

నాకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. అతన్ని చూసి నవ్వలేదు నేను. ఇన్ని నెలలు బిగబట్టుకున్నదేదో అలా బయటపడింది. కాని అతనికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చేతిలో కంప కింద పెట్టి, పై గుండీ ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

తెల్లారి ఈనిన గొర్రెలను, పిల్లలను ఇంటి దగ్గరే వదిలి, మిగతా మందను తోలుకుని అమ్రాబాద్ వైపు పోయాడు. అక్కడి రైతులు ఎరువు కోసం చేన్లలో మంద పెట్టించుకుంటారు. ఏటా వారం పది రోజులకు వచ్చేవాడు ఈసారి నెల దాటినా రాలేదు. ఫోను చేస్తే తల్లి మోకాళ్ల గురించి అడుగుతాడు, ఇంటి దగ్గర వదిలిన పిల్లల గురించి అడుగుతాడు. నా గురించి అడగడు. దండెం మీద అతని పాత అంగి ఒకటి ఉంటే రెండుసార్లు ఉతికి ఆరేశాను.

చివరికి అత్తే కదిలించింది.

"ఏమన్నవే వాన్ని? అలిగే గుణం ఉన్నది, నా కొడుకే గదా, నాకెర్కనే. గని గిన్ని దినాలు అలగలే. పో, నువ్వే పో. పిల్లలను నేను సూస్కుంట."

జొన్నరొట్టెలు మూట కట్టుకుని, పచ్చిపులుసు డబ్బాలో పోసుకుని మొదటి బస్సెక్కాను. దిగి అడుగుతూ పోతే అడవి అంచున ఒక వాగు మడుగులో కనిపించాడు. మందంతా ఒడ్డున ఉంది. ఉన్ని కత్తిరించే రోజులు, గొర్రెలను కడుగుతున్నాడు. చుట్టుపక్కల మనిషి లేడు. అయినా అంగితోనే నీళ్లలో ఉన్నాడు. తడిసిన అంగి చేతులు గొర్రెను పట్టనీయకుండా అడ్డం పడుతుంటే మాటిమాటికీ పైకి లాక్కుంటున్నాడు.

నన్ను చూసి, అమ్మ మంచిగున్నదా అని అడిగాడు. ఉన్నదని చెప్పాను. టానిక్ ఇంకా తాగుతున్నావా అంటే ఆపేశానన్నాడు. మరో గొర్రెను నీళ్లలోకి గుంజాడు. ఇక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"లగ్గం గాకముందే నిన్ను సూసిన నేను. మా వాగుల. గొర్లు కడుగుతున్నవ్. ఒంటి మీద అంగి లేదు."

అతని చేతులు గొర్రె మెడ మీదే ఆగాయి.

"గప్పుడింక బక్కగుంటి," అన్నాడు.

"ఉంటివి. బాపు సంబంధం సంగతి చెప్తే గందుకే వద్దనలే."

"సినిమాల చప్పట్లు కొడ్తివి గదా మరి."

"అందరు కొట్టిండ్రు, కొట్టిన. ఇంటికొచ్చినంక వాని మొఖం గూడ యాదికి లేదు నాకు."

గొర్రెను కడిగి వదిలాడు. అది ఒడ్డెక్కి ఒళ్లు దులుపుకుంటే నా మీద నీళ్లు పడ్డాయి. ఇంకో రెండింటిని కడిగాడు. తర్వాత నీళ్లలోనే నిలబడి, నన్ను చూడకుండా, జర అటు తిరుగు అన్నాడు.

తిరిగాను. ఎదురుగా గుట్ట, గుట్ట మీద మోదుగు చెట్లు. వెనక నీళ్లు కదిలాయి. అంగి పిండిన చప్పుడు వినిపించింది. తర్వాత దాన్ని రాయి మీద పరిచిన చప్పుడు. కప్పుకోవడానికి అతని చేతికి అందేది ఇంకేదీ లేదు. గొంగడి, సంచి రెండూ నా పాదాల దగ్గరే ఉన్నాయి.

ఇక తిరుగు అని అతను ఇంకా అనలేదు. అనే దాకా తిరగకూడదని నేను గుట్ట వైపే చూస్తూ నిలబడ్డాను.