ముందే తిరిగొచ్చిన గురుడు

పున్నయ్యకు అలక తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం ఒక పట్టాన పోదు. చెల్లెలు దయామణి మీద వచ్చిన అలకకు పన్నెండేళ్లు నిండబోతున్నాయి.

అసలు జరిగింది ఇంతే. గురజాల చర్చిలో కోత పండగ నాడు పున్నయ్య ఎప్పటిలాగే కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. తర్వాత భోజనాల దగ్గర దయామణి, "మా అన్న గొంతెత్తితే గుమ్మం కాడ కుక్కలు గూడా లేచిపోతన్నయ్" అంది. సంఘమంతా పగలబడి నవ్వింది. పున్నయ్య విస్తరి ముందు నుంచి లేచి, "పుష్కరం తిరిగిందాకా నీ గడప తొక్కను. దేవుడి తోడు!" అనేశాడు. చర్చి సంఘానికి పెద్దగా తను అన్న మాటాయె. వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆయనకూ తెలియలేదు, తీసుకోమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చెల్లెలి ఇల్లు రెండు వీధుల అవతలే. ఆయన భార్యా కూతురూ వెళ్లి వస్తూనే ఉన్నారు. దయామణి పంపిన గోంగూర పచ్చడి ఆయన తింటాడు, ఎవరు చేశారని మాత్రం అడగడు. మొండివాడే గానీ రుచి తెలిసిన మొండివాడు.

ఇప్పుడు దయామణి కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రతిష్ఠ ప్రార్థన ఈ ఆదివారమే. పన్నెండేళ్లు నిండే కోత పండగకేమో ఇంకా నెల ఉంది. ఊళ్లో సగం ఇళ్లు కట్టిన తాపీమేస్త్రీ పున్నయ్య, సొంత చెల్లెలి ఇంటికి ఒక్క ఇటుక పెట్టలేకపోయాడు. కనీసం ప్రార్థనకైనా పోలేకపోతే ఎలాగన్న బాధ ఆయనను లోలోపల తినేస్తోంది.

"కొత్త ఇంటికి కొత్త గడప గదా. నువ్వు తొక్కనన్నది పాతది" అంది భార్య.

"గడప మారితే మాట మారుద్దా ఏమే?" అని కసిరాడు.

హైస్కూల్లో సైన్సు చెప్పే కూతురు చిన్నారి, జడ అల్లుకుంటూ అడిగింది. "నాన్నా, పుష్కరమంటే ఏంది?"

"పన్నెండేళ్లు."

"గురుగ్రహం సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగొస్తే పుష్కరం. నువ్వు తిరిగిందాకా అన్నావు గానీ పన్నెండేళ్లు అన్లేదుగా."

"రెండూ ఒకటేగా."

"కాదు నాన్నా. ఆయనకి నిండా పన్నెండేళ్లు పట్టదు. యాభై రోజులు ముందే తిరిగొస్తాడు. నీ పుష్కరం అయిపోయి ఇరవై రోజులైంది."

పున్నయ్య చేతిలో టీ గ్లాసు ఆగింది. గడప సంగతి తొండి. ఇది తొండి కాదు. తను ఒట్టు పెట్టింది తిరగడం మీద, తిరగాల్సినవాడు తిరిగేశాడు. మనసు ఒక్కసారిగా తేలికైంది. అది ముఖంలో కనపడనిస్తే పున్నయ్య ఎలా అవుతాడు?

"అంత తొందరేంది ఆయనకి?"

"తొందరే మరి. గ్రహాలన్నిట్లోకీ పెద్దోడు, అయినా తన చుట్టూ తాను పది గంటల్లోపే తిరిగేస్తాడు."

"మరి ఇరవై రోజుల్నించీ నన్నిట్టా ఉత్తపుణ్యానికి కూర్చోబెట్టారేందే? ముందే చెప్పొద్దా?" అని కూతురి మీదే ఎగిరాడు.

ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని చెల్లెలి ఇంటికి వెళ్లాడు. చిన్నారి ముందే పోయి సంగతంతా చెప్పేసింది కాబోలు, దయామణి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. కళ్ల నిండా నీళ్లు.

"గురుడు తిరిగొచ్చాడని వచ్చావా అన్నా? నా కోసం కాదా?"

పున్నయ్య తల దించుకున్నాడు. "నీ కోసమే అమ్మాయ్. ఆయన్ని ఊరికే అడ్డం పెట్టుకున్నా."

"చానా ఏడిపిచ్చావు. ఇప్పుడు నేనూ అలుగుతా. చిన్నారీ, అందరికన్నా తొందరగా తిరిగొచ్చే గ్రహం ఏందే?"

"బుధుడత్తా. ఎనభై ఎనిమిది రోజులు."

దయామణి వేళ్ల మీద లెక్కేసుకుంది. "మూడు నెల్లా? అమ్మో, అంతకాలం నా వల్ల గాదు" అంటూ అన్న చెయ్యి పట్టుకుని గడప దాటించింది. "రా, పాట నువ్వే ఎత్తుకోవాల."

పున్నయ్య కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. గుమ్మం దగ్గర పడుకున్న కుక్క లేచి ఒళ్లు దులుపుకుని వీధిలోకి పోయింది. ఈసారి అందరికన్నా ముందు నవ్వింది పున్నయ్యే.