గొంగడి మీది మాట

ఎర్రకుంటపల్లి సర్పంచి పదవి ఈసారి బీసీ మహిళకు వచ్చింది. అంటే పోస్టర్ మీద శోభ బొమ్మ, పోటీలో ఆమె మొగుడు పరశురాములు. ఊరంతటికీ తెలిసిన సంగతే ఇది, దాచుకునేదేమీ లేదు. శోభ చేతులు జోడించి నిలబడాలి, మాటలన్నీ అతడు మాట్లాడాలి.

మాటలకేం, పరశురాములు దగ్గర బోలెడున్నాయి. గుర్తు కత్తెర వచ్చింది. కురుమవాడలో ఇంటింటికీ తిరిగి, "గిది మన బొచ్చు కత్తెర, మన తాతలది" అన్నాడు. సాలెవాడలోకి పోయి అదే నోటితో, "గిది మీ మగ్గం కాడి కత్తెర, మీ చేతి పనిముట్టు" అన్నాడు. పక్కనే నిలబడ్డ శోభకు నవ్వొచ్చింది. ఎంత తెలివి నా మొగుడికి అనుకుంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

ఎదుటి అభ్యర్థి లీలమ్మ కూడా కురుమల ఆడబిడ్డే. అందుకని కురుమవాడ ఓట్లు సగం సగం చీలతాయి, సాలెవాడ ఎటు మొగ్గితే అటు గెలుపు. పరశురాములు లెక్క అది. లీలమ్మ మొగుడు విజేందర్ మాత్రం సాలెవాడ ముఖం చూడలేదు. సొంతవాళ్లను వేడెక్కిస్తే చాలు, మొత్తం తనవైపే వస్తారని అతని నమ్మకం. ఇద్దరూ ఇద్దరే. ఊరి మంచి ఏ ఒక్కడి లెక్కలోనూ లేదు.

శోభకు మాత్రం ఆ ఇంట్లో గెలుపు కంటే పెద్దది ఒకటుంది. పరశురాములు తమ్ముడు నాగేందర్. ఆమె కాపురానికి వచ్చేసరికి అత్త చచ్చిపోయి ఉంది, నాగేందర్ చెడ్డీ వేసుకునే పిల్లాడు. ఆమె కొంగు చివర పిడికిట్లో పట్టుకుంటేనే నిద్రపోయేవాడు. కడుపున ఎవరూ పుట్టలేదు కాబట్టి వాడే ఆమె కొడుకు. ఇప్పుడు గడ్డం పెంచాడు, బండి నడుపుతాడు, అన్న చెప్పిందల్లా దేవుడు చెప్పినట్టు వింటాడు. అదే ఆమె భయం.

పోలింగుకు వారం ఉందనగా గొడవ మొదలైంది.

సాలెవాడలో వెంకటరాజం ఇంటి ముందు వీధి పొడవునా పడుగు సాగదీసి ఉంది. రంగులద్దిన నూలు, గుంజ నుంచి గుంజకు. చీర మీద పువ్వు తేలేందుకు ఇంటిల్లిపాదీ వారాలపాటు కూర్చుని, పోగు పోగుకూ ముడేసి రంగులో ముంచిన చిటికి పని అంతా అందులో ఉంది. అటువైపు కురుమల పెద్ద మల్లప్ప గొర్రెల మంద వచ్చింది. మంద ముందు నడిచేది బీరప్పకు విడిచిన పొట్టేలు. దేవుడికి విడిచిన దాన్ని ఎవరూ కట్టకూడదు, కొట్టకూడదు, అది పోయిన తోవనుంచి మళ్లించకూడదు. రోజూ వాడ వెనకనుంచి పోయే పొట్టేలు ఆ రోజు ఎందుకో వీధిలోకి తిరిగింది. ముసలి మల్లప్ప చేతిలో కర్ర ఉండి కూడా చూస్తూ నిలబడ్డాడు. పొట్టేలు పడుగులో పడింది, దాని వెనక మందంతా పడింది. నూలు కాళ్లకు చుట్టుకున్న కొద్దీ గొర్రెలు తన్నుకున్నాయి, తన్నుకున్న కొద్దీ పోగులు తెగాయి.

వెంకటరాజం కొడుకు శ్రవణ్‌కుమార్ గుంజ ఊడబెరికి పొట్టేలు తల మీద వేశాడు. ఒక్కసారి కాదు, అది కదలడం మానేదాకా వేశాడు. మల్లప్ప ఆ పగిలిన తలను ఒళ్లో పెట్టుకుని, పంచె అంతా నెత్తురై, వీధి నడుమ కూర్చుండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పరశురాములు శోభను తీసుకుని సాలెవాడకు పోయాడు. "ఎంకటరాజమన్నా, మాది తప్పే. నీ పిలగాని మీద ఎవ్వని చెయ్యి పడనియ్య. నా మీద భరోసా పెట్టు" అన్నాడు. వెంకటరాజం కుర్చీలు వేయించాడు. అతని భార్య రాజమణి చాయ తెచ్చింది. తెగిన పడుగు గోడ పక్కన కుప్పగా పడి ఉంటే శోభ దానివైపు చూడలేకపోయింది.

వాళ్లు తిరిగొచ్చేలోపే ఆ చాయ సంగతి కురుమవాడకు చేరింది. "మన దేవుని పొట్టేలును సంపినోళ్ల ఇంట్ల చాయ తాగొచ్చిండు, గీయనా మన మనిషి" అని విజేందర్ వాడంతా తిరిగి చెప్పాడు. సాయంత్రానికి బీరప్ప గుడి ముందు గొంగడి పరిచారు.

ఆ ఊరి కురుమలకు గొంగడి అంటే చలికి కప్పుకునేది మాత్రమే కాదు. దాని మీద కూర్చుని అన్న మాట దేవుడి ముందు అన్న మాట. పెద్దలు "అయింది" అని లేచేదాకా కూర్చోవాలి. ముందే లేస్తే మాట వాపస్ తీసుకున్నట్టు. పెళ్లిళ్లు కుదిరినా, అన్నదమ్ములు వేరుపడినా ఆ గొంగడి మీదే. పరశురాములు మైకులకు అలవాటుపడ్డ మనిషి, ఆ తేడా మరిచిపోయాడు. ఎదురుగా తనవాళ్ల ముఖాలు తిరిగిపోతున్నాయి, అతనికి కనిపించింది అదొక్కటే. కూర్చుని, గొంతు పెంచి, "దేవుని పొట్టేలును కొట్టిన చెయ్యి గీ ఊళ్లె మిగలొద్దు" అన్నాడు.

వాడంతా ఊగిపోయింది. మల్లప్ప కళ్లు తుడుచుకుని "అయింది" అని లేచాడు. శోభ మాత్రం గుడి గోడకు ఆనుకుని నిలబడ్డ నాగేందర్‌ను చూసింది. వాడు అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. అన్న నోటినే చూస్తూ ఉన్నాడు.

ఇంటికి రాగానే మొగుడిని నిలదీసింది. "గొంగడి మీద గా మాట ఎందుకన్నవు?"

"ఓట్లయ్యేదాంక మాటే గదనే. ఓట్లయినంక ఎవడు యాదికుంచుకుంటడు."

"నాగేందర్ ఉంచుకుంటడు. వాన్ని పిలిచి ఒక్కమాట చెప్పు."

"చెప్త తియ్యి, జర ఆగు. ఇప్పుడు చెప్తే పోరగాండ్లు సల్లబడుతరు. రేపు బండ్ల ర్యాలీ ఉన్నది."

చెప్పలేదు. ఆమే చెప్పబోతే నాగేందర్ వినలేదు. "అన్న చెప్తే ఆగుత వదినా, నువ్వు చెప్తే ఆగ" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ర్యాలీలోంచి కొన్ని బండ్లు సాలెవాడకు మళ్లాయి. కేకలు విని శోభ చెప్పులు లేకుండా పరుగెత్తింది. వెంకటరాజం గడప మీద తల పగిలి పడి ఉన్నాడు. లోపల గుంటమగ్గంలో కూర్చుని ఉన్న శ్రవణ్‌కుమార్‌ను జుట్టు పట్టి పైకి ఈడ్చారు. ఇద్దరు అతని మీద కూర్చున్నారు. ఒకడు అతని కుడిచెయ్యి మగ్గం దూలానికి అదిమి పట్టాడు. నాగేందర్ చేతిలో గొర్రెల బొచ్చు కత్తిరించే ఇనుప కత్తెర, ఇంట్లో తాత కాలం నుంచి ఉన్నది.

శోభ వాడి చేతికి వేలాడింది. వాడు కోపంగా కూడా లేడు. "జరుగు వదినా. గొంగడి మీద అన్న ఇచ్చిన మాట" అని ఆమెను విదిలించాడు. ఆమె గోడకు కొట్టుకుంది. లేచేసరికి కత్తెర మూసుకుంది. ఎముక నలిగిన చప్పుడు, ఆ వెంటనే శ్రవణ్‌కుమార్ కేక. మగ్గం మీద సగం నేసిన చీర మీదికి నెత్తురు చిమ్మింది. వేళ్లు గుంటలో పడ్డాయి.

అప్పటికి వాడంతా గుంజలు పట్టుకుని లేచింది. మిగతా పోరగాళ్లు బండ్లెక్కి పారిపోయారు. నాగేందర్ పారిపోలేదు. పని అయిపోయినట్టు నిలబడ్డాడు. వాణ్ని వీధిలో పడేసి కొట్టారు. నోట్లోంచి పన్ను ఊడిపడింది, పక్కటెముక విరిగింది. శోభ వాడి మీద అడ్డంగా పడుకుంది, ఆ దెబ్బల్లో కొన్ని ఆమె వీపు తిన్నది. పోలీసులు వచ్చి తీసుకుపోయేదాకా అలాగే ఉంది.

ఆ సాయంత్రం పరశురాములు భువనగిరి దవాఖానకు పోయి, కట్టుతో ఉన్న వెంకటరాజం కాళ్లు పట్టుకున్నాడు. "వాడు తాగి చేసిండన్నా. నాకు తెల్వదు. ఇయ్యాల్టి నుంచి వాడు నా తమ్ముడే కాదు." వెనక శోభ నిలబడి వింది. అక్కణ్నుంచి తిన్నగా కురుమవాడకు వచ్చి, "నా తమ్ముడు దేవుని కోసం జైలుకు పోయిండు, నా రక్తం వాడు" అని గుండె చరుచుకున్నాడు. అదీ శోభ వింది. ఆడవాళ్లు ఏడ్చారు. విజేందర్ వెంట తిరిగినవాళ్లు కూడా ఇటు వచ్చి చేరారు. బండి ఎక్కుతూ పరశురాములు ఆమె చెవిలో, "గెలుస్తున్నమే" అన్నాడు.

శోభకు అసహ్యం పుట్టింది. ఇన్నేళ్లు పక్కన పడుకున్న మనిషి మీద పుట్టిన అసహ్యం అది, మామూలుగా పోయేది కాదు. ఎవరు గెలిస్తే ఏం? మాట ఇచ్చినవాడు రెండు వాడల్లోనూ దండలు వేయించుకుంటాడు. మాట నిలబెట్టిన వెర్రివాడు మాత్రం తాగుబోతు రౌడీగా ఒక్కడే ఏళ్ల తరబడి కుళ్లిపోతాడు.

ప్రచారానికి ఆఖరు పొద్దు. పరశురాములు ఆమెను పోలీసు బందోబస్తులో సాలెవాడకు తీసుకుపోయాడు, చేతులు జోడించి ఏడువమన్నాడు. వెనక మల్లప్పతో సహా కురుమవాడ మగవాళ్లు వచ్చారు. శోభ చంకలో ఏదో మడత ఉంటే చలికేమో అనుకున్నారు. పడుగు తెగిన చోటికి రాగానే ఆమె ఆ మడత విప్పింది, గుడి ముందు పరిచిన గొంగడే అది, పరిచి దాని మీద కూర్చుంది.

"గీ గొంగడి మీద కూసొని కొట్టిన చెయ్యి మిగలొద్దన్నది నా మొగడు. నాగేందర్ తాగలే. ఆడు తన అన్న మాట తీర్చిండు. పిల్సి ఆపుమంటే, ఓట్ల కోసం ఆగుమన్నడు. నేను ఇన్న. నేను గూడ నోరు మూసుకున్న."

వెనకనుంచి రాయి వచ్చింది, ఆమె కణత చీలింది. "ఇంటి గుట్టు సాలోళ్ల ముందల ఇప్పుతవానె" అని మల్లప్ప కర్రతో భుజం మీద కొట్టాడు. ఆమె లేవలేదు. పరశురాములు వచ్చి డొక్కలో తన్నాడు. అయినా లేవలేదు. లేస్తే మాట పోతుందని అక్కడున్న ప్రతి కురుమకూ తెలుసు, అతనికీ తెలుసు. అందుకే గొంగడి కొస పట్టుకుని, ఆమెతో సహా మట్టిలో ఈడ్చడం మొదలుపెట్టాడు. కానిస్టేబుళ్లు అడ్డం వస్తే వాళ్లనూ తోశాడు.

గుంపును చీల్చుకుని రాజమణి వచ్చింది. వచ్చి శోభ చెంప మీద శక్తికొద్దీ కొట్టింది. "నా కొడుకు చేతి ఏళ్లు పోయినంక చెప్తున్నవా" అని మళ్లీ కొట్టింది. శోభ ముఖం తిప్పుకోలేదు. రాజమణి చెయ్యి అక్కడే ఆగింది. ఆమె ఆ గొంగడి మీదే కూలబడింది. పరశురాములు లాగాడు, ఇద్దరు ఆడవాళ్ల బరువుకు గొంగడి కదల్లేదు.

"మళ్ల చెప్పు" అంది రాజమణి. "గా ఎస్సై సారు ఇనేటట్టు చెప్పు."

శోభ నోట్లో నెత్తురు ఉమ్మేసి, మొదటినుంచి చెప్పింది. పరశురాములును జీపు ఎక్కించాక కూడా మల్లప్ప చాలాసేపు ఆ గొంగడివైపే చూస్తూ నిలబడ్డాడు. కర్ర కిందపడేసి, ఎవరి ముఖమూ చూడకుండా, "అయింది" అన్నాడు. అప్పుడు శోభ లేచింది.

లీలమ్మ గెలిచింది. శోభకు డిపాజిట్ కూడా దక్కలేదు.

కొన్నాళ్లకు జైలుకు ములాఖత్‌కు పోతే నాగేందర్ ఇనుప జాలీ అవతలికి వచ్చాడు. పక్కటెముక ఇంకా అతకలేదు, ఒంగి నడుస్తున్నాడు.

"అన్న ఎట్లున్నడు వదినా? వకీలును మాట్లాడిండా?"

"గీడనే ఉన్నడురా. నీ ఎనక బారక్‌ల."

వాడు ఆమె కణత మీది కుట్లు చూశాడు.

"మాట తనది కాదన్నడా?"

"అన్నడు. నేను గొంగడి మీదికెళ్లి లేవలే."

నాగేందర్ నుదురు జాలీకి ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ జాలీలోంచి వేలు కూడా దూరదు. శోభ కొంగు చివర తీసి, వాడి పిడికిలి ఉన్న చోట జాలీకి అదిమి పట్టి, టైము అయిపోయిందని వార్డరు చెప్పేదాకా నిలబడింది.